రాజమౌళన్నను అడిగిన రోజు

అన్నం వార్చేటప్పుడు గంజి ఆవిరి ముఖానికి కొట్టిందంటే ఇప్పటికీ రాజమౌళన్న గుర్తుకొస్తాడు. హన్మకొండ సుబేదారిలో ఒక చిన్న దవాఖానలో నేను నర్సుగా చేరినప్పుడు, కట్లు కట్టే గది ఆయన చేతికిందే ఉండేది. దెబ్బలతో వచ్చిన ఆడవాళ్ళ వెంట భర్తో అత్తో ఉండి, మెట్ల మీద పడిందని వాళ్ళే చెప్పేవారు. రాజమౌళన్న తలూపి, "జర బయట దుకాన్ల దూది పట్కరాపోన్రి" అని పంపేసేవాడు. మా బీరువా నిండా దూదే. వాళ్ళటు వెళ్ళగానే, పాత కట్టు విప్పుతూ, ఆమె ముఖం చూడకుండా అడిగేవాడు: "ఎవరు కొట్టిన్రు బిడ్డా?" నాకు పని నేర్పింది ఆయనే, ఈ అడగడంతో సహా.

ఒక వానాకాలం పొద్దున ఆయనే రోగిగా వచ్చాడు. ఎడమచేతి నిండా బొబ్బలు. పక్కన భార్య. "గంజి వంపుతాంటె మీద పోసుకుండు. ఒక్క పని సక్కగ చేతగాదు" అంది. డాక్టరు నవ్వి, "ఏందయ్యా, ఇంట్ల వంట గూడ నీదేనా" అన్నాడు. రాజమౌళన్న కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గంజి వంపుకునేవాడికి చెయ్యి కాలుతుంది సరే, మెడ వెనక ఎందుకు కాలుతుంది? అంతకుముందు నుదుటి మీద గాటు, వాచిన వేలు, అన్నిటికీ బండి మీంచి పడ్డానన్న ఆయన మాటలు గుర్తొచ్చాయి.

డాక్టరు పక్క గదికి వెళ్ళాక, "వదినా, జర దూది పట్కరాపోవా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్ళింది.

"నన్నుగూడ అడుగుతానవా చెల్లె" అన్నాడు రాజమౌళన్న.

"ఎవరు పోసిన్రన్నా?"

"కడుపు చింపుకుంటె కాళ్లమీద పడ్తది. పెద్దమనుషులకు చెప్పిన. గాజులు తొడుక్కో అన్నరు." నేల చూస్తూ అన్నాడు: "పొద్దుగూకితె ఇంటికి పోవాల్నంటె కాళ్లు ఆడ్తలేవు."

ఆమె ఏ క్షణాన తిరిగొస్తుందోనని నా చెవులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. "డాక్టర్ సాబ్‌కు చెప్పనా?" అంటే తలూపాడు. చెప్పాను. డాక్టరు ఈసారి నవ్వలేదు. మెడ వెనక చూసి, చేర్చుకోవాలని ఆమెతో గట్టిగా చెప్పాడు. మర్నాడు ములుగు నుంచి రాజమౌళన్న అక్క వచ్చి, బస్సులో తనతో తీసుకుపోయింది. ఆయన మళ్ళీ మా గదికి రాలేదు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. బాగున్నావా అనడానికి ముందే, వదిన అటు రాలేదు కదా అని అడుగుతాను.

ఇప్పుడు నేను మగవాళ్ళనూ అడుగుతాను. చాలామంది నవ్వుతారు. "మొగోన్ని పట్టుకొని ఏందా మాట సిస్టర్" అంటారు. నిన్న ఒకతను నవ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్న భార్య వైపు చూసి, గొంతు తగ్గించి, "మీరు ఎవ్వరికి చెప్పరు గద" అన్నాడు. నాకు భయమేసింది. చెప్పు తమ్మీ అన్నాను.