నాయన వదిలేసిన రంగు పేరు

మొన్న తిరుపతిలో చీరల కొట్లో అమ్మాయి ఒక చీర విప్పి, "నెమలికంఠం రంగు మేడం" అంది. చీర చేతిలో ఉన్నా నా మనసు నగరిలోని మా మగ్గం దగ్గరికి పోయింది.

మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లారా, మీకు గుర్తుందా? ఇల్లంతా గంజి వాసన, పెద్దవాళ్ల నోట అరటిపువ్వు రంగు, ఉల్లిపొర రంగు. పువ్వుకన్నా, పిట్టకన్నా ముందు మనకు చీరే తెలుసు. నిలువునా నీలం పడుగులో అడ్డంగా పచ్చ పేక పడితే నెమలికంఠం. మా నాయన అలాంటివి ఎన్ని నేశాడో!

చిన్నప్పుడు ఒక పొద్దున నాయనతో కొండ కింద చేను దాటుతుంటే, పది అడుగుల దూరంలో నెమలి ఒకటి ఎండలోకి వచ్చింది. అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు.

"నాయనా, సూడు! మన చీర కట్టుకోనుండాది!" అని అరిచాను.

నవ్వుతాడనుకున్నాను. చెప్పులు విడిచి నిలబడిపోయాడు. అది మెడ తిప్పినప్పుడల్లా రంగు మారుతోంది. నెమలి పొదల్లోకి పోయాక నాయన మెల్లగా అన్నాడు.

"మనం నేసేది యాడ, ఇది యాడమ్మా!"

ఆ తర్వాతా అవే చీరలు నేశాడు. ఎవరైనా రంగేమిటని అడిగితే మాత్రం, "నీలమూ పచ్చా కలిసుండాది" అనేవాడు. నెమలి పేరు మళ్లీ ఏ చీరకూ పెట్టలేదు.