సుశీల పోగొట్టని పుస్తకం

మా పుస్తకాల గ్రూపులో కొత్తగా ఎవరు చేరినా ముందు వాళ్లకు ఒక కథ చెబుతారు. ఒకామె కంపెనీ బస్సులో రోజూ ఒక ఇంగ్లీషు నవలను తెలుగులో చెప్పేదట. వినేవాళ్లలో ఒకామె ఆ పుస్తకాన్ని బస్సులో పోగొట్టిందట. అయినా మొదటామె పల్లెత్తు మాట అనలేదట. ఆ పెద్దమనసులోంచే ఈ గ్రూపు పుట్టిందట. కథ ముగించి అందరూ నావైపు చూస్తారు. నేను కాదన్నట్టు తల ఊపుతాను. దాన్ని వినయం అనుకుంటారు.

వినయానికీ నాకూ ఎన్నడూ చుట్టరికం లేదు. నన్నెరిగిన ఎవరినైనా అడగండి. ఆ కథ తప్పు కాబట్టే తల ఊపుతాను. పుస్తకం పోలేదు. క్షమించాల్సింది నేను కాదు, ఆమె.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు పదేళ్లకు పైనే పట్టింది. రాశాక చూస్తే ఎంత పొట్టిగా ఉన్నాయి! ఇంత పొట్టి మాటలు ఇన్నేళ్లు గుండె మీద అంత బరువుగా ఎట్లా కూర్చున్నాయి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా గ్రూపులో నెలకోసారి అందరం ఇప్పుడు ఏం చదువుతున్నామో చెప్పుకుంటాం. ఈసారి నా వంతు వచ్చినప్పుడు ఏదో పేరు చెప్పి దాటేశాను. నిజంగా చదువుతున్నది ఒక్కటే పుస్తకం. దానివి రెండు ప్రతులు. ఒకటి నా ఇంటి సజ్జ మీద, దుప్పట్ల కింద దాచిపెట్టుకున్నది. ఇంకొకటి సుశీల ఇచ్చింది. సుశీల అన్నది ఆమె అసలు పేరు కాదు. నా పేరు ఎట్లాగూ రాయను.

నేను మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టుని. సుశీల అదే కంపెనీలో ప్యాకింగులో పనిచేసేది. సాయంత్రం బస్సు ఇస్నాపూర్ దాటిందంటే లారీల వెనకాల నత్తలా పాకేది. ఆ సమయమంతా ఏం చేయాలి? నేను పుస్తకం తీసేదాన్ని. అప్పట్లో నాకు చదవడం కంటే చదివేదానిలా కనపడటం ఎక్కువ ఇష్టం. ఇది కూడా ఇప్పుడే ఒప్పుకుంటున్నాను, రాసేయండి నా లెక్కలో. ఒకరోజు పక్క సీట్లోంచి సుశీల అట్టమీది బొమ్మ చూసి, ఆ ఆడమనిషి చేతిలో ఉన్న పనిముట్టు ఏమిటని అడిగింది. నీళ్ల గేట్లు తెరిచే తాళంచెవి అని చెప్పాను. ఆ బొమ్మలో ఆమె పని ఏమిటంటే, చెరువు తూము దగ్గర ఉండి ఏ పొలానికి ఎన్ని నీళ్లో వదిలే మనిషిని మనవైపు నీరటి అంటారు చూడు, అది.

"మా తాత కర్దనూర్ల నీరటోడే," అంది సుశీల. ఆ మాటతో ఆమె నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. కథ మొదలైంది.

అది ఒక ఊహాలోకం కథ. అక్కడ నీళ్లకు జ్ఞాపకం ఉంటుంది. దోసిట్లో పట్టుకుంటే, పైన ఎవరు ఏం కలిపారో, ఎవరు ఏ పాపం కడుక్కున్నారో వినపడుతుంది. ఒకనాడు నది చేదెక్కుతుంది. నగరం పెద్దలు ఏమీ జరగలేదంటారు. నదినే సాక్షిగా కోర్టుకు పిలవాలని నీరటి పట్టుబడుతుంది. దీన్ని పిల్లల కథ అనేవాళ్లతో నేను ఇప్పటికీ పోట్లాడతాను. ఊళ్లో చెరువు పెట్టుకుని నీళ్ల డబ్బా కొనుక్కుని తాగేవాళ్లకు ఇది ఊహాలోకం ఎట్లా అవుతుంది? బస్సులో ఎవరూ ఆ మాట అనలేదు. ముందు సీటు విజయ మాత్రం ఎక్కగానే, "ఏందక్కా, ఇయ్యాల నది ఎవని మీద కేసు పెట్టింది?" అని మొదలుపెట్టేది. రోజురోజుకీ చుట్టూ సీట్లు నిండాయి. ఇంటికి పోయి చదువుకుని రావడం, మర్నాడు చెప్పడం. నన్ను చూసి చోటిచ్చేవాళ్లు. ఆ చోటు నాకు తలకెక్కింది.

ఎంత తలకెక్కిందంటే, చదవడం మానేసి చెప్పడం మొదలుపెట్టాను. ల్యాబులో తనిఖీల రోజులు. పుస్తకం లావు, అక్షరాలు చీమలంత. మూడో భాగం మధ్యలో ఆగిపోయాను. అంతలో సోమవారం నుంచి రూటు మారుతుందన్నారు. పటాన్‌చెరులో దిగేవాళ్లకు ఒక బస్సు, నాలా పటేల్‌గూడ వెళ్లేవాళ్లకు ఇంకొకటి. శనివారమే కథ ముగించాలని అందరూ పట్టుబట్టారు. చదవలేదు, వారం ఆగండి అని అనొచ్చు కదా? చదవని పుస్తకం గురించి మాట్లాడేవాళ్లను ఎన్నిసార్లు నలుగురిలో కడిగేశాను? ఆ నోటితో ఆ మాట ఎట్లా అంటాను?

కల్పించాను. నీరటి గేట్లన్నీ తెరిచేసి, తల్లి ఇచ్చిన మట్టిముంతలో మిగిలిన చివరి తీపి నీళ్లను ఎగువకు మోసుకుపోయి నదిలో పోస్తుంది. తెల్లారేసరికి నది తియ్యనవుతుంది. ముంత ఎక్కడినుంచి వచ్చిందని అడగకండి. కిటికీలోంచి కుండలమ్మే బండి కనపడింది, అంతే. విజయ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పుస్తకం సుశీల ఒళ్లో ఉంది. చెబుతున్నంతసేపూ బొమ్మ చూసుకోవడానికి ఆమెకు ఇచ్చేదాన్ని. పటాన్‌చెరు వచ్చింది. లేస్తూ ఆమె పుస్తకాన్ని నా సంచిలో నిలువుగా పెట్టింది, టిఫిన్‌డబ్బా పక్కన. నేను చూశాను. సోమవారం ఇది తనకు ఒకసారి ఇమ్మంది. ఎనిమిదో తరగతి చదివే బిడ్డతో చివరి పేజీలు చదివించుకుంటుందట.

ఆదివారమంతా నాకు సుశీల బిడ్డ మీదే ధ్యాస. ఆ పిల్ల ఇంగ్లీషు మీడియం. ముంత కోసం వెతుకుతుంది. దొరకదు.

సోమవారం క్యాంటీన్‌లో సుశీల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బుక్కు తెచ్చినవా అక్కా?"

"నా దగ్గర యాడుంది? శనారం నీ ఒళ్లోనే ఉండె గదా."

"గట్ల కాదక్కా. నీ సంచిల పెట్టి దిగిన."

"పెడితే సంచిల ఉండాలె గదా సుశీలా."

ఆమె తన చేతులు చూసుకుంది. అవి ఏం చేశాయో వాటినే అడుగుతున్నట్టు. తర్వాత, "ఏమో అక్కా, ఆగమాగంల దిగిన," అంది.

నేను అంతకుమించి ఒక్క మాట అనలేదు. అక్కర లేకపోయింది. ఆమె భోజనం వదిలేసి బస్సులు ఆగే చోటికి వెళ్లి, ఒక్కో సీటు కింద వంగి వెతికిందని సాయంత్రం విజయ చెప్పింది. నన్ను అందరూ ఓదార్చారు. పోనీలే, పుస్తకమే కదా అన్నాను. ఎంత మంచిదానివి అన్నారు. ఆ మెప్పు తీసుకున్నాను. ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ముగింపు కల్పించడం తప్పా? అది పొగరు, చిన్నది, నవ్వేసి వదిలేయొచ్చు. కానీ చదవాలని చేయి చాచిన మనిషి చేతిలోంచి పుస్తకం లాక్కుని, ఆ చేతులదే తప్పని ఆమెనే నమ్మించడం? దానికి ఏ పేరు పెట్టాలో పదేళ్లుగా నా ఇంత పెద్ద నోటికి దొరకలేదు.

ఆ వారమే మిగిలిన పేజీలు చదివాను. అసలు కథలో నది మళ్లీ తియ్యనవదు. నీళ్లకూ మనుషులకూ మధ్య ఏ ఒక్కరూ నిలబడకూడదని నీరటి తన తాళంచెవిని నదిలో పారేసి, ఏ వీధి గేటు ఆ వీధివాళ్లే చూసుకోండని చెప్పి వెళ్లిపోతుంది. నేను చెప్పినదానికంటే వెయ్యిరెట్లు గొప్ప ముగింపు. చదివి, పుస్తకం మూసి, సజ్జ మీదికి ఎక్కించాను. మధ్యలో నిలబడింది ఎవరో నాకు అర్థం కాకపోలేదు.

ఆ భయంతోనే ఆ తర్వాత ప్రతి పుస్తకాన్నీ చివరి అక్షరం దాకా చదవడం మొదలుపెట్టాను. క్యాంటీన్‌లో కథ అడిగితే, చదివినంతే చెప్పి ఆపేదాన్ని. భయం ఎప్పుడు ఇష్టమైందో తెలియదు. చలికాలమంతా జనం వీధులవారీగా నిద్రపోయే గ్రహం మీద, మేలుకున్న వీధివాళ్లు నిద్రపోతున్న వీధి పిల్లల పేర్లను రోజూ పైకి పలుకుతూ ఉండాల్సిన నవల ఒకటి చదివాను. పలకకపోతే ఆ పిల్లలు లేచాక ఎవరికీ గుర్తుండరు. అది మీకు దొరికితే వదలకండి. నిజంగా చదవడమంటే ఏమిటో నాకు నేర్పింది కాలేజీ కాదు, సుశీల. తనకు తెలియకుండానే నేర్పింది. ఈ కృతజ్ఞత తప్పులోంచి మొలిచింది కాబట్టి బయటికి చెప్పుకోలేకపోయాను. లేకపోతే ఎంత చెప్పేదాన్ని!

సుశీల కూడా ఊరుకోలేదు. పోయిందనుకున్న ఆ పుస్తకాన్ని ఎప్పటికైనా చదవాలని బిడ్డ పక్కన కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంది. బిడ్డ పాఠాలు అయిపోయాక బిడ్డ లైబ్రరీ పుస్తకాలు, ఆ తర్వాత ఫోన్లో పదాలకు అర్థాలు చూసుకుంటూ పెద్ద నవలలు. క్యాంటీన్‌లో మా ఇద్దరి చుట్టూ చేరిన ఆడవాళ్లే గ్రూపు అయ్యారు. ఇప్పుడు పటేల్‌గూడలో ఒక అపార్టుమెంటు హాల్లో కలుస్తున్నాం. వెలిమెల కొత్త ఇళ్లనుంచి కూడా వస్తున్నారు. వాళ్లంతా సినిమాలకిచ్చినట్టు నక్షత్రాలు ఇచ్చి పుస్తకం బాగుందో లేదో చెబుతారు. సుశీల అట్లా చెప్పదు. మనిషిని చూసి చెబుతుంది. మొన్న ఒకామెతో, "అత్తతోని మాటల్లేవ్ గదా నీకు, ఇది చదువు. ఇందుల డ్రాగన్‌కు గూడ అత్త ఉన్నది," అంది. నవ్వినవాళ్లంతా ఆ పుస్తకం చదివారు.

కానీ పుస్తకాలు చేతులు మారే వేళకు సుశీల చేతులు ఒళ్లో ముడుచుకుంటాయి. ఎవరి పుస్తకమూ తీసుకోదు. కొనుక్కుంటుంది, లేదా ఫోన్లో చదువుతుంది. ఎవరైనా బలవంతం చేస్తే, తన చేతుల్లో బుక్కులు నిలవవని నవ్వుతూ అంటుంది. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం క్యాంటీన్‌లో తన చేతులు చూసుకున్న సుశీల కనపడుతుంది. ప్రతినెలా ఆ మాట విన్నాను. ప్రతినెలా చెబుదామని వెళ్లి, ఎవరితోనో ఏదో నవల మీద గట్టిగా వాదించి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాను. నా వాదనల్లో సగం ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండటానికి చేసినవే కావచ్చు.

పోయిన నెల సుశీల ఒక పొట్లంతో వచ్చింది. బిడ్డకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో దొరికిందట. అదే నవల. బడిపుస్తకాలకు వేసినట్టు ఖాకీ అట్ట వేసింది. పొట్లం విప్పి నా రెండు చేతుల్లో పెట్టింది.

"అక్క బుక్కు అక్కకు ముట్టింది. ఇగ నా పానం నిమ్మలం," అంది అందరితో.

అందరూ చప్పట్లు కొట్టారు. వెలిమెల నుంచి వచ్చే అమ్మాయి, ఇంతకీ చివర్లో ఏమవుతుందని అడిగింది. సుశీల చెప్పింది. గేట్లు తెరవడం, తల్లి ఇచ్చిన ముంత, ఎగువకు నడక, తెల్లారేసరికి తియ్యనైన నది. నేను బస్సులో చెప్పిన ముగింపే. ఒక్క మాట పొల్లుపోలేదు. చెప్పినంతసేపూ నావైపు చూడలేదు. అయిపోయాక చూసింది. నవ్వలేదు, కోపంగానూ లేదు. దేనిమీదైనా వాదం పెట్టుకునే నేను ఖాకీ అట్ట మడతలు సరిచేస్తూ కూర్చున్నాను.

బహుశా చివరిదాకా చదవలేదేమో అనుకున్నాను. అట్లా అనుకోవడం ఎంత హాయిగా ఉందో! ఇంటికొచ్చి తెరిచాను. ప్రతి పేజీలో కష్టమైన మాటల కింద పెన్సిల్‌తో తెలుగు అర్థాలు, మెల్లగా దిద్దిన అక్షరాలు. చివరి పేజీలో కూడా ఉన్నాయి. తాళంచెవి నీళ్లలో పడే వాక్యం కింద మాత్రం అర్థం రాయలేదు. గీత గీసింది, అంతే.

అంటే ముగింపు నేను కల్పించానని ఆమెకు తెలుసు. తెలిసీ నలుగురిలో నా అబద్ధాన్నే నిలబెట్టింది. అది దయ అయినా, చెంపదెబ్బ అయినా నాకు సమ్మతమే. రెండూ నాకు దక్కాల్సినవే. ఇది చదివి నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు ఇచ్చేది కాదు అది. రాశాను, నా ఛాతీ కొంచెం ఖాళీ అయింది, అంతవరకే. సజ్జ మీది ప్రతిని రేపు సంచిలో పెట్టుకుని వెళతాను, టిఫిన్‌డబ్బా పక్కన నిలువుగా. తీసి ఆమె చేతిలో పెడతానో లేదో నాకే తెలియదు. లోకం మీద లేచే ఈ నోరు ఆమె ముందు మూతపడుతుంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

సుశీలా, నా రెండో అబద్ధం కూడా నీకు తెలుసా? ఆ శనివారం పుస్తకాన్ని నా సంచిలో పెట్టి దిగిన సంగతి నువ్వు ఎన్నడైనా మరిచావా, లేక ఇన్నేళ్లూ నేను చెబుతానేమోనని చూస్తూ ఉన్నావా?