కుడి కాలమ్

మా చిన్న పత్రికకు ఒక అలవాటు ఉండేది. వాదన ఏదైనా సరే, ఇద్దరి మాటలనూ ఒకే పేజీలో ఎదురెదురుగా వేసేవాళ్లం. ఎడమ కాలమ్‌లో నా హేతువాదం, కుడి కాలమ్‌లో దానికి జవాబు. ఎదుటివాణ్ణి వెనక పేజీలోకి తోయకూడదన్నది మా పట్టుదల. జవాబు రాసేది బేస్తవారిపేట దగ్గరి ఒక చర్చి పెద్ద. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కూలి. దేవుడి విషయంలో మేమిద్దరం ఒక్కసారి కూడా ఏకీభవించలేదు.

ఆయన పోయి ఏడాదైంది. జ్ఞాపకార్థ కూడికలో నాయన మాటలు చదువుతాను, పంపమని ఆయన కూతురు అడిగింది. నా పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క సంచికను మార్కాపురం జిరాక్స్ దుకాణంలో స్కాన్ చేయించి, టైపు అక్షరాలుగా మార్పించి, చూడకుండానే ఆమె ఫోన్‌కు పంపించాను. నేనింకా దుకాణంలో ఉండగానే ఫోన్ వచ్చింది.

"ఏంది చిన్నాయనా ఇది? మా నాయన దేవుడు లేడన్నాడా?"

చూశాను. కాలమ్‌ల మధ్య ఖాళీ యంత్రానికి కనపడలేదు. పేజీ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే వరసగా చదువుకుంటూ పోయింది. "నేను మోకాళ్లూని ప్రార్థించేటప్పుడు" అన్న ఆయన పంక్తికి "దేవుడు లేడని స్పష్టంగా తెలుస్తుంది" అన్న నా పంక్తి అతుక్కుంది.

దుకాణం భాయ్ పగలబడి నవ్వాడు. "ఇన్నేండ్లు కొట్లాడినా మీ ఇద్దరికీ కుదరని రాజీ, మా మిషన్ నిమిషంలో చేసేసింది సార్!"

నాకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. ఒకప్పుడైతే, యంత్రాన్ని గుడ్డిగా నమ్మినందుకు నన్ను నేనే ఒక వ్యాసంలో చీల్చి ఉండేవాణ్ణి.

ఇంటికి వచ్చి పంక్తులు విడదీశాను. నా మాటలు నాకు తెలుసు కాబట్టి పత్రిక తెరవలేదు. "ప్రశ్న అడిగినవాడికి ముందు అన్నం పెట్టండి, జవాబు తర్వాత వెతుక్కోవచ్చు" అన్న వాక్యాన్ని తడుముకోకుండా నా వైపు వేసుకున్నాను. ఏళ్ల తరబడి ప్రతి సభలో చెప్పిన మాట. గిద్దలూరులో దానికే చప్పట్లు కొట్టారు.

చివరికి నా పంక్తులు ఎక్కువయ్యాయి, ఆయనవి తగ్గాయి. మా కాలమ్‌లు ఎప్పుడూ సమానంగా ఉండేవి. పత్రిక తెరిచాను. ఆ వాక్యం కుడి కాలమ్‌లో, అడుగున ఉంది.

సిగ్గు వేస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. వేయలేదు. ఆ మాట తీసేస్తే ఆయన కాలమ్‌లో మిగిలేవి బైబిల్ వచనాలే. నా వైపే ఉంచుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆధారం లేనిదే ఏదీ నమ్మవద్దని జీవితమంతా చెప్పినవాణ్ణి. ఆధారం నా ఒళ్లోనే ఉంది. ఆయన వైపు టైపు చేసి పంపాను.

వెంటనే ఫోన్. "ఇది నువ్వు మీటింగుల్లో చెప్పే మాట గదా చిన్నాయనా! మళ్లా కలిసిపోయినట్లుంది. తీసేయనా?"

"తీయొద్దమ్మా. అది మీ నాయనదే."

"మరి నువ్వు చెప్తాంటివే?"

"నాదే అనుకున్న్యా."

"మా నాయన ఎన్ని మీటింగులకొచ్చి వెనక కూర్చున్నాడో. ఒక్కనాడూ అనలేదే!"

కూడికలో ఆమె ఆ వాక్యం చదివినప్పుడు నలుగురైదుగురు తలలు తిప్పి నా వైపు చూశారు. ఆ మాటను నా నోట విన్నవాళ్లు. నేను వెంట తెచ్చిన పత్రిక తెరిచి, కుడి కాలమ్ అడుగున వేలు పెట్టి చూపిస్తూ, పక్కన కూర్చున్నాయన చేతికిచ్చాను. అట్లా వరస వెంబడి చేతులు మారుతూ ముందుకు పోయింది.