మాబు సాహెబ్ నమ్మిన మిషన్

ప్రత్తిపాడులో దూదేకే మాబు సాహెబ్ జీవితంలో ఒక్కసారే మిషన్‌ని వెక్కిరించాడు. ఊళ్ళోకి దూదేకే మిషన్ వచ్చిన ఏడు, "ఇనపపళ్ళకి దూది మెత్తన ఏం తెలుసురా, నాలుగు రోజుల్లో మూలపడుద్ది" అన్నాడు నలుగురిలో. మూలపడింది ఆయన దూదేకే విల్లే. చివరికి అదే మిషన్ పక్కన కూచుని పరుపులు కుట్టాడు. మళ్ళీ ఏ మిషన్‌కీ ఎదురు చెప్పలేదు.

కూచున్న పనికి ఒళ్ళొచ్చింది. రక్తంలో కొవ్వు పెరిగిందని, గుండెకీ మెదడుకీ ముప్పని, రాత్రి మాత్ర మానొద్దని గుంటూరు డాక్టరు గట్టిగా చెప్పాడు.

2008లో కూతురు సిద్దికా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మందుమొక్కల్లోని పదార్థాలను కంప్యూటర్లో పరీక్షించింది. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైము బొమ్మలో ఒక గుంట ఉంటుంది. ఆ గుంటలో గట్టిగా కూచున్న పదార్థం కొవ్వును ఆపొచ్చని లెక్క. సెలవులకొచ్చి, సంబరం పట్టలేక నాన్నకి చెప్పేసింది.

"మన కంచె మీద పొడపత్రి లేదూ నాన్నా, దాంట్లోది నీ మాత్ర కన్నా గట్టిగా పట్టుకుంది."

"కంప్యూటరే చెప్పిందా?"

"చెప్పింది. కానీ అది బొమ్మే. ఇంకా ఎలక్కి కూడా పెట్టి చూడలా."

"నన్నే ఎలకనుకో" అని నవ్వాడు. తనూ నవ్వింది.

ఆమె వెళ్ళాక ఆకు నమిలి నాలుక మీద పంచదార వేసుకున్నాడు. తీపే తెలియలేదు, ఇసకలా ఉంది. అంత పవరున్న ఆకు కొవ్వుని వదులుతుందా? ఆ రాత్రి నుంచి మాత్ర మింగినట్టు నటించి పరుపు కుట్టులోకి తోసేవాడు.

"ఏమయ్యా, మేకలా ఆకులు నవుల్తున్నావ్. మాత్రేసుకున్నావా?" అనేది భార్య కరీమున్.

"ఏసుకున్నాలేవే."

కళ్ళాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో, సూదిలో దారం ఎక్కిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. కుడిచెయ్యి పడిపోయింది, మూతి వంకర పోయింది. మాత్రలు మానేశాడా అని ఆసుపత్రిలో అడిగితే, లేదని కరీమున్ ఒట్టేసింది. ఇంటికొచ్చి పరుపు ఆరేద్దామని విప్పితే, దూదిలోంచి మాత్రలు రాలాయి.

కబురు విని వచ్చిన సిద్దికా అవి గుప్పిట్లో పట్టుకుని నాన్న మంచం పక్కన నిలబడింది. "ఎందుకు నాన్నా?"

ఆయన మాట ముద్దగా వచ్చింది. "మిషన్‌తో... ఒకసారి ఓడిపోయా కదమ్మా."

"అది బొమ్మేనని చెప్పాగా."

పడిపోయిన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. "చేతిక్కూడా... ఏ ఆకో... అడుగు ఆ మిషన్‌ని."

ఆమె నాన్న గడ్డం తుడిచి, నాలుక మీద మాత్ర పెట్టి, నీళ్ళు పట్టింది. మింగాడో లేదోనని నోరు తెరిపించి చూసింది. ఆయన ఎడమచెయ్యి మాత్రం దుప్పటి అంచుని, దూది విడదీస్తున్నట్టు, పీకుతూనే ఉంది.