బాలశౌరి ట్రాంబోన్, బాలశౌరి కసి

మా సందు చివరింటి బాలశౌరి పగలంతా ఆటోనగర్‌లో బస్సుల సొట్టలు తీస్తాడు. పెళ్లిళ్ల రోజుల్లో నతానియేలు మాస్టారి బ్యాండు మేళంలో ట్రాంబోన్ వాయించేవాడు. అదొక పొడుగాటి ఇత్తడి బాకా. నొక్కడానికి మీటలుండవు. ముందున్న గొట్టాన్ని చేత్తో లాగుతూ, తోస్తూ స్వరం పట్టాలి. పదిహేనేళ్లు వాయించినా అతని వాయింపు ఎవరూ పట్టించుకోలేదు. పాటంతా మాస్టారి ట్రంపెట్‌దే. ట్రాంబోన్ వెనక నుంచి భోం భోం మంటే చాలు.

పోయినేడు మైలవరంలో ఒక పెళ్లి ఊరేగింపులో, మాస్టారు ఊపిరి తీసుకునే వ్యవధిలో బాలశౌరి నాలుగు స్వరాలు సొంతంగా జార్చాడు. పెళ్లికూతురి మేనమామలు "అబ్బో" అన్నారు. అదే అతని కొంప ముంచింది. నతానియేలు మేళం ఆపించి, నడిరోడ్డు మీద ట్రాంబోన్ లాక్కున్నాడు. వాయిద్యాలన్నీ ఆయనవే మరి.

"ఏఁవిరా... ఏఁవిరా... ఎవడు వాయించమన్నాడ్రా నిన్నూ? దున్నపోతు అరుపుకి పాటొకటా!" అని ముక్కుతో సాగదీశాడు. ఆయన తిట్టు అడుగున మొదలై చివర పైకి లేస్తుంది. మా పేటలో పసిపిల్లలకైనా తెలుసు. మేళం వాళ్ల ఎర్రకోటు కూడా అక్కడే విప్పించాడు. బాలశౌరి బనియన్‌తో బస్సెక్కి ఇంటికొచ్చాడు.

ఇదంతా అతని భార్య అమలమ్మ నాకు చెప్పింది. చెప్పేదాకా నేను వదల్లేదు లెండి.

మూడు వారాల తరవాత బాలశౌరి పాత సామాన్ల కొట్టు నుంచి వంకరపోయిన ట్రాంబోన్ ఒకటి పట్టుకొచ్చి, తానే సొట్టలు తీయడం మొదలుపెట్టాడు. దెబ్బ దెబ్బకీ పళ్లు కొరికేవాడు.

"ఎవరి మీదయ్యా ఆ దెబ్బలు?" అనడిగాను.

"మీకు తెలీదా పిన్నిగారూ!"

కూతురు స్టెల్లా ఫోనులో ట్రాంబోన్ ఉన్న పాటలు వెతికిపెట్టింది. దాదాపు వందేళ్ల నాటి అమెరికా రికార్డులట, జాజ్ అంటారట. వాయించేది అయిదారుగురే. బరబరమనే చప్పుడు వెనక నుంచి పాట వస్తుంది. నాకు మొదట సంతగోలలా వినిపించింది.

"అన్నీ కలిపి వినమాకండి. పాట చెప్పేది ట్రంపెట్టు. పైన అల్లరి చేసేది క్లారినెట్టు. ఇప్పుడు కింద చూడండి, ట్రంపెట్టోడు ఊపిరి తీసుకుంటాడు... అదుగో!" అన్నాడు బాలశౌరి.

విన్నాను. ట్రంపెట్ ఆగిన చోట ట్రాంబోన్ కింది నుంచి జారుతూ వచ్చి, జవాబు చెప్పి, తప్పుకుంది. స్వరానికీ స్వరానికీ మధ్య గట్టు లేదు, నిండు కాలవలో పడవ మలుపు తిరిగినట్టుంది. ఇంకో పాటలో మిగతావాళ్లంతా తగ్గి దానికే చోటిచ్చారు. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చిన మనిషి మాట్లాడినట్టుంది. అది మళ్లీ పెట్టించుకున్నాను.

"అమెరికాలో ఊరేగింపు బండి మీద గొట్టం చాచడానికి చోటు కావాలని ట్రాంబోనోణ్ణి వెనక అంచున కూర్చోబెట్టేవోళ్లంట. వెనక కూర్చున్నా ఆడి మాట ఆడు చెప్పాడు. ఆడి కోటు ఎవడూ విప్పించలా," అన్నాడు.

మరో రికార్డులో అది అచ్చం మనిషిలా మాట్లాడింది. ఎలాగో చెప్పమని ప్రాణం తీశాను. సింకు మూసుకుపోతే నీళ్లు లాగే రబ్బరు కప్పు ఉంటుంది కదా, దాన్ని బాకా మూతికి అడ్డం పెడుతూ తీస్తూ వాయిస్తారట. మర్నాడే గవర్నర్‌పేటలో ఒకటి కొన్నాడు. నెల రోజులు తలుపేసుకుని సాధన చేశాడు. కిటికీ పక్కన నిలబడి విని, నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చర్చి పండగనాడు మరియమ్మ తేరు ముందు నతానియేలు మేళం మా సందులోకి వచ్చింది. తేరు ప్రతి మలుపులోనూ ఆగుతుంది. ఫాదరుగారి ప్రార్థన అయ్యాక మాస్టారు పాట ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాడు. ఒక వరుస వాయించి ఊపిరి తీసుకున్నాడు.

అంతే, గుమ్మంలోంచి బాలశౌరి ట్రాంబోన్ లేచింది. మాటలు లేవు. అచ్చం మాస్టారి ముక్కు, ఆ సాగదీత, చివర ఆ లేవడం! ముందుగా మేళంలో డ్రమ్ము కొట్టే కోటిలింగమే ఫక్కుమన్నాడు. తేరు మోసేవాళ్ల భుజాలు కదిలాయి. ఫాదరుగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నతానియేలు మళ్లీ ట్రంపెట్ ఎత్తాడు కానీ పెదవి బిగియలేదు, ఉత్త గాలే వచ్చింది. దానికీ ట్రాంబోన్ జవాబు చెప్పింది. సందంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం తక్కువ నవ్వలేదు.

వారం తిరక్కుండా నతానియేలు బాలశౌరి ఇంటికొచ్చాడు. మాట్లాడే బాకా ఉంటేనే మేళం కుదుర్చుకుంటామని పెళ్లివాళ్లు అంటున్నారట. నేను అప్పటికే అక్కడున్నాను.

"జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి రారా," అన్నాడు.

"కూర్చోండి మాస్టారూ. ముందు ఓ పాట వినాల. మధ్యలో మాట్లాడకూడదు."

బాలశౌరి నాకు నచ్చిన ఆ పాటే పెట్టాడు. నతానియేలు మొదట గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మిగతా వాయిద్యాలు తగ్గి ట్రాంబోన్ ఒక్కటే మిగిలేసరికి ఆయన గడ్డం పైకి లేచింది. కళ్లు మూశాడు. వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఇంకొకరి వాయింపును ఆయన అలా వినడం నేనెన్నడూ చూడలేదు.

బాలశౌరి సరిగ్గా అక్కడ పాట ఆపేశాడు.

"అదేంట్రా, అవలేదుగా!"

"మీకు ఇక్కడికే."

"తరవాతేంటో విననీరా. పోనీ పాట పేరైనా చెప్పు."

"చెప్పను. మేళానికీ రాను."

"చెప్పొచ్చు కదయ్యా, పెద్దాయన," అంది అమలమ్మ మెల్లగా. నేను మాత్రం అనలేదు.

నతానియేలు చెప్పులు వేసుకుని గేటు దాటాడు. బాలశౌరి పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. వీధిలో నడిచే మనిషికి వినపడీ వినపడనంత సన్నగా.