మా బావ రుద్దిన ఇనుము

మా బావ పోయిన సంగతి నాకు ముందుగా చెప్పింది మా అక్క కాదు. కోరుట్లలో లారీ షెడ్డు నడిపే ఒకాయన ఫోన్ చేసి, మీ బావ ఇక లేడట గదా, నిజమేనా అని నన్నే అడిగాడు. మర్నాడు ఒక క్యాబిన్ చూడటానికి వస్తానని బావ ఆయనకు మాటిచ్చాడట. ఎన్నింటికి వస్తావని అడగడానికి ఫోన్ చేస్తే సిరిసిల్లలో ఎవరో ఎత్తి చెప్పారట. చుట్టాల ఇంటికి పోయిన మనిషి, పొద్దున చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడు. గుండె అన్నారు.

ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. నాకంటే ముందు కోరుట్లవాడికి తెలిసిందే అన్న కడుపుమంట. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, ఆ మంటను పక్కన పెట్టి మా బావ గురించి రాయడం నా వల్ల కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన పక్కన నిలబడి పని చేశాను. ఆయన మీద కుళ్ళుకోని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సిరిసిల్ల శ్మశానం దగ్గర కూడా, వచ్చిన జనాన్ని చూసి, నేను పోతే ఇందులో సగమైనా వస్తారా అని మనసులో బేరీజు వేసుకున్న మనిషిని నేను.

జగిత్యాలలో కోరుట్ల రోడ్డు మీద మాది కార్లకు రంగు వేసే షెడ్డు. మా బాపు పెట్టాడు. మగ్గం వదిలి బొంబాయి పోయి, అక్కడి గ్యారేజీలో రంగు పని నేర్చుకుని వచ్చాడాయన. నా చేతికి స్ప్రే గన్ను ఇచ్చింది కూడా ఆయనే. మా అక్కను సిరిసిల్లకు ఇచ్చారు. బావ అక్కడ సాంచాలు నడిపేవాడు, అంటే కరెంటు మగ్గాలు. పెళ్లైన రెండో ఏడు నూలు రాక సాంచాలు ఆగిపోతే, మళ్లీ నడిచేదాకా ఇక్కడే ఉండమని బాపు పిలిచాడు. మళ్లీ నడిచాయి కానీ బావ వెనక్కి పోలేదు.

రంగు పని అంటే చూసేవాళ్లకు గన్నే కనపడుతుంది. గన్ను పని గంటసేపు. దాని కింద నాలుగు రోజుల పని ఉంటుంది. పాత రంగు గీకాలి. తెల్లటి ఇనుము తేలేదాకా తుప్పును రేగుమాల్‌తో, అంటే గరుకు కాగితంతో రుద్దాలి. సొట్టలను లోపలి నుంచి కొట్టి లేపాలి. థిన్నర్ గుడ్డతో తుడిచి ప్రైమర్ కొట్టి, గుంటలు పూడేలా లప్పం పెట్టి, ఆరాక నీళ్లు పోస్తూ కాగితంతో రుద్దాలి. ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. చేతులు నాని తెల్లబడి, గోళ్ల సందుల్లో బూడిదరంగు బురద నిలిచిపోయే పని. షెడ్డులో ఎవరికీ ఇష్టం ఉండదు. బావకు ఇష్టం.

తెగిన పోగును చూడకుండానే వెతికి ముడివేసిన వేళ్లవి. పొడుగ్గా, సన్నగా ఉండేవి. కారు తలుపు మీద అరచేయి ఆనించి, కళ్లు ఎటో పెట్టుకుని, మెల్లగా జరిపేవాడు. ఎక్కడో ఒక చోట ఆగేవాడు. మేం వంగి చూసినా ఏమీ కనపడేది కాదు. నాలుగు చుక్కల లప్పం అక్కడ పెట్టి రుద్దితే, రంగు పడ్డాక ఆ తలుపులో ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం వంకర లేకుండా కనపడేది. నేను రుద్దిన తలుపులో అదే స్తంభం మెలికలు తిరిగేది. కొత్త కాగితం అడిగితే నాకు అరిగిన ముక్కే ఇచ్చేవాడు. "అరిగిన కాయిదానికే తెలివెక్కువ బామ్మర్దీ" అనేవాడు. నేను విసురుగా రుద్దుతుంటే, నీళ్లు పోసి రుద్దాలి గానీ కోపం పోసి రుద్దద్దని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఎక్కడో గుచ్చుకునేది. మంచివాడు నవ్వితే తిట్టడానికి కూడా లేదు మరి.

మల్యాల నుంచి కొండగట్టుకు మనుషులను తిప్పే జీపులాయన ఒకడు ఉండేవాడు. నేను చెమటలు కక్కి రంగు కొట్టిన జీపును తడిమి చూసి, "మీ అల్లుడు రుద్దిండు గదా, చెయ్యి జారిపోతాంది" అని బాపుతో అన్నాడు. రంగు ఎవరు కొట్టారని అడగలేదు. బాపు మీసం తడుముకున్నాడు. నాకు ఆ పూట బువ్వ సయించలేదు.

మా షెడ్డులో బావ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. థిన్నర్‌తో తుడిచిన ఉత్త ఇనుమును ఎవరూ వట్టి చేత్తో ముట్టరాదు. ముడితే ఎంగిలైందనేవాడు, అన్నం గురించి అన్నట్టే. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. అది ప్రైమర్ కింద దాక్కుని, వానలు పడ్డాక తుప్పై పైకి లేస్తుంది. అందుకే తుడిచిన భాగం మీద ఉతికిన ధోతి గుడ్డ కప్పి, ప్రైమర్ కొట్టేటప్పుడే తీసేవాడు. మీ ఇంట్లో వాళ్లు దేవునికి కూడా ఇంత మడి కట్టరని వచ్చినవాళ్లు ఎగతాళి చేసేవారు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల కాలపు రోజులు. ఊళ్లల్లో ఉండలేక దొరలు గడీలకు తాళాలేసి పట్నాలకు వచ్చేశారు. సారంగాపూర్ వైపు నుంచి జగిత్యాలకు వచ్చి కిరాయి ఇంట్లో దిగిన ఒక దొరకు నల్ల అంబాసిడర్ ఉండేది. ఊళ్లో ఎవరో దాని బానెట్ మీద మేకుతో అడ్డదిడ్డంగా గీశారు. ఆ గీతలు కనపడకుండా చేయమని కారును మా షెడ్డుకు పంపాడు. బాపు కారు చుట్టూ తిరిగి, అందరూ వింటుండగా, ఈ బండి మొత్తం అల్లుడే చేస్తాడు, గన్ను కూడా అల్లుడే పడతాడు అన్నాడు.

రుద్దుడు ఆయనది, గన్ను నాది. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట పట్టుకుని నెట్టుకొస్తున్నాను. అది కూడా పోయింది. బావ మొహమాటపడి, బామ్మర్ది ఉండగా నాకెందుకు మామా అన్నాడు. ఆ అడ్డుపడటం ఇంకా మండించింది. ఆయన నాకు దానం చేస్తున్నట్టు అనిపించింది.

బానెట్‌ను రెండు రోజులు రుద్దాడు. మూడో రోజు పొద్దుటికి అది వెండి పళ్లెంలా ఉంది. థిన్నర్‌తో తుడిచి, గుడ్డ కప్పి, అందరూ మధ్యాహ్నం బువ్వకు కూర్చున్నారు. నేను ముందే లేచాను. మామిడి తొక్కుపచ్చడితో తిన్న చేయి సరిగా కడుక్కోలేదు. గుడ్డ ఎత్తి, బానెట్ నడుమ అయిదు వేళ్లూ చాపి గట్టిగా అదిమి పట్టాను. ఇనుము వేడిగా ఉంది. మళ్లీ గుడ్డ కప్పేశాను. వానాకాలంలో నాలుగు పొక్కులు లేస్తాయి, అల్లుడు కొట్టిన రంగు కూడా ఊడుతుందని బాపుకు తెలుస్తుంది. నేను కోరుకున్నది అంతే. ఒట్టు.

వానలు పడ్డాయి. పొక్కులు లేచాయి. కానీ నేను అనుకున్నట్టు కాదు. నల్లటి బానెట్ నడుమ అరచేయి, అయిదు వేళ్లూ ఉబ్బి, ఎవరో లోపలి నుంచి చేయి పెట్టినట్టు లేచింది. దొర పొద్దున బయటికి వచ్చి చూసి మళ్లీ లోపలికి పరుగెత్తాడు. ఊళ్లో గీతలు గీసినవాళ్లు ఇక్కడి వాకిట్లోకి కూడా వచ్చి గుర్తు పెట్టి పోయారనుకున్నాడు. గంటలో పోలీసులు షెడ్డు ముందు దిగారు. బానెట్ పని ఎవరిదని అడిగారు. నేను బాపు వెనక్కి జరిగాను. బావ చేతులు తుడుచుకుంటూ లేచి, నేనే సార్ అన్నాడు.

తీసుకుపోయారు. ఏ ఠాణాకో ఇప్పుడు చెప్పి లాభం లేదు. సిరిసిల్లవాడివి, సాంచాల పనివాడివి, అన్నల సంఘంలో ఎవరు తెలుసు, ఎవరు చెప్తే ఈ గుర్తు వేశావు అని అడిగారట. ఆ రోజుల్లో అలా లోపలికి పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మా అక్క ఏడు నెలల కడుపుతో షెడ్డు గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. ఆ చేయి నాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. రెండు రోజులు ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. చెప్పలేదు.

మూడో రోజు కబురు వచ్చింది. అది గుర్తు కాదు, తుప్పు అని చూపిస్తానని బావ అన్నాడట. సామాను పట్టుకుని రమ్మన్నారు. బకెట్టు, కాగితాలు, థిన్నర్ సీసా పట్టుకుని పోయాను. ఠాణా ఆవరణలో వేపచెట్టు కింద కారు ఉంది. బావ పెదవి చిట్లి ఉంది. ఎస్సై సారు ఇంకా బయటికి రాలేదు. జవాను బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆ ఒక్క నిమిషంలో బావ తన అరచేతిని ఆ ఉబ్బిన చేయి మీద ఆనించాడు. ఆయన వేళ్లు దానికంటే ఒక కణుపు బయటికి వచ్చాయి. నా వేళ్లు పొట్టివి, లావువి. షెడ్డులో అందరికీ తెలుసు.

నా వైపు చూడలేదు. కాగితం తడిపి వేళ్ల కొనల దగ్గర రుద్దడం మొదలుపెట్టాడు. ముందు కొనలు చెరిపేశాడు, ఎవరూ కొలవకుండా. సారు వచ్చేసరికి అక్కడ మిగిలింది ఎవరిదైనా కాగలిగిన ఒక అరచేయి మచ్చ.

"నా చెయ్యే సార్. చెమట చెయ్యి తగిలిచ్చిన. మన్సులు మరుస్తరు గని ఇనుము మరువది" అన్నాడు.

తర్వాత ఒక జానెడు మేర ఉత్త ఇనుము తేల్చి, థిన్నర్‌తో తుడిచి, తన చేయి అదిమి పెట్టి, రేపటిదాకా చూడండి అన్నాడు. ఆ రాత్రి ముసురు పట్టింది. పొద్దుటికి ఆ ఇనుము మీద పొడుగు వేళ్ల చేయి ఎర్రగా తేలిందట. వదిలేశారు.

తిరిగి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. గన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, గిది నీకే మంచిగుంటది అన్నాడు. చిలవలు పలవలై ఆ కథ కోరుట్ల దాకా, సిరిసిల్ల దాకా పాకింది. ఎంగిలి అని అందరినీ అదిలించే మనిషి తానే ఎంగిలి చేశాడట అని పనివాళ్లు చాలా ఏళ్లు నవ్వుకున్నారు. ఆయన కూడా వాళ్లతోపాటే నవ్వేవాడు. నేను కోరుకున్నవన్నీ దొరికాయి. గన్ను దొరికింది, ఆయన పేరుకు మచ్చ దొరికింది. అయినా కుళ్ళు తగ్గలేదు. అంతటి మాటను కడుపులో దాచుకుని మామూలుగా చాయ తాగగలిగే ఆ గుణం మీద కూడా నాకు ఈర్ష్యే. నాకు తెలిసినట్టు ఆయనకు తెలుసు, ఆయనకు తెలిసినట్టు నాకు తెలుసు. ఇద్దరం ఒకే బండికి అటూ ఇటూ నిలబడి ముప్పై ఏళ్లు పని చేశాం.

దినాలు అయిపోయాక, చుట్టాలు వెళ్లిపోయాక, అక్క ఒక్కతే ఉన్నప్పుడు పోయి కూర్చున్నాను. ఆ కారు మీది చేయి నాది అక్కా అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆపలేదు.

"ఎరుకే."

ఎప్పటినుంచి అని అడిగాను.

"ఠాణల నుంచి అచ్చిన దినమే చెప్పిండు. నాకు ఎరుకని నీకు ఎన్నడు తెల్వనియ్యద్దన్నడు. తెలిస్తే సిగ్గుతోని నీ చెయ్యి వణుకుతదట, గన్ను వట్టిన చెయ్యి వణికితే బతుకంత రంగు చారలు వడ్తదట. నువ్వు పాడైతవని ఆయన బుగులు."

నేను ఆమె ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఏడుస్తూ కూడా, ఇన్నేళ్లు వాళ్లిద్దరి మధ్య నేను లేని మాట ఒకటి ఉందే అని లోపల ఎక్కడో చురుక్కుమంది. ఈ జన్మకు నా బుద్ధి ఇంతే.

బావ సిరిసిల్ల పోయే ముందు ఒక కారు తలుపు రుద్దుతూ సగంలో ఆపి పోయాడు. పైసగం ఆయనది. కింది సగం నిన్న నేను పూర్తి చేశాను. అరిగిన కాగితం ముక్కతోనే, నీళ్లు పోసుకుంటూ, రోజంతా చేశాను. అయినా చూపు ఆనగానే తెలిసిపోతోంది, ఎక్కడిదాకా ఆయన, ఎక్కణ్ణుంచి నేను అని. బండి ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు. రంగు పడితే తలుపంతా ఒకటే తెలుపు అవుతుంది. ఏది ఆయనదో ఏది నాదో బయటివాళ్లకు తెలియదు. నా వయసంతా నేను కోరుకున్నది అదే. పొద్దున్నే గన్నులో రంగు నింపుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. ఎండ వచ్చి పైసగం మీద పడింది, అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగుతోంది, నా వేలు మాత్రం గన్ను మీద కదలడం లేదు.