ఇంకో పార్టీ

ఇళ్ళ బ్రోకర్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ‘ఇంకోపార్టీ’ అంటే చాలు, ఏ వీధి మలుపులో అడిగినా ఆయన ఆఫీసుకి దారి చూపిస్తారు. ఇరవై రెండేళ్ళ వృత్తిలో ఒక్క ఇల్లయినా ఒక్క పార్టీకే చూపించిన పాపాన పోలేదాయన. మీరు ఇల్లు చూడ్డానికి వెళ్ళారనుకోండి, హాల్లోంచి వంటింట్లోకి అడుగు పెట్టేసరికి అక్కడ ఇంకెవరో పంపు తిప్పి చూస్తూ ఉంటారు. మీ గుండె గుభేలుమంటుంది. అప్పటిదాకా రంగు బాలేదు, బాత్‌రూం ఇరుకు అని సణిగినవాళ్ళు కాస్తా ఆయన్ని పక్కకి లాగి, ఇవాళే మాట్లాడేసుకుందామా అంటారు. అదీ ఆయన పనితనం.

ఆ ఇంకెవరో ఎవరనుకున్నారు? ఆయన భార్యే.

అలాగని మోసగాడనుకునేరు. ఆ మాటంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఆయన నీతులు ఆయనకున్నాయి. ఎవరి తాళంచెవి తీసుకున్నా సాయంత్రంలోగా తిరిగిచ్చేస్తాడు. చెప్పిన టైముకి అయిదు నిమిషాలు ముందే ఉంటాడు. నోటితో అబద్ధం ఆడడు, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. గోడ చెమ్మెక్కుతుందా అని అడిగితే, ఎక్కుతుందనే చెప్తాడు. అడగకపోతే మాత్రం చెప్పడు. అడగడం కొనేవాడి పనట. పార్టీ వచ్చేముందు సంచిలోంచి నాలుగు పెద్ద బల్బులు తీసి గదుల్లో బిగిస్తాడు, వాళ్ళు అటు వెళ్ళగానే విప్పి సంచిలో వేసుకుంటాడు. వెలుతురు అబద్ధం ఎలా అవుతుందయ్యా అంటాడు. పంపులన్నీ ముందే తిప్పి తుప్పు నీళ్ళు పోయేదాకా వదిలేస్తాడు. ఇక భార్య సంగతంటారా, ఆవిడ ఇల్లు చూడ్డానికొచ్చింది, చూస్తోంది, ఇందులో అబద్ధమేముంది? ఇలా ఉంటుంది ఆ పెద్దమనిషి వరస.

దానికీ ఓ పద్ధతుంది. ఆయన స్కూటర్ మీద వెళ్తాడు, ఆవిడ బస్సెక్కాలి, ఒక స్టాపు ముందే దిగి నడిచి రావాలి. పార్టీల ముందు పొరపాటున కూడా ‘ఏవండీ’ అనకూడదు, ‘బ్రోకరు గారూ’ అనాలి. కొత్తలో ఆవిడకి నవ్వాగేది కాదు. కొంగు నోట్లో కుక్కుకునేది. తర్వాత తర్వాత నవ్వూ పోయింది. ఎవరెవరివో పడగ్గదుల్లో నిలబడి మంచం ఎటు వేస్తే బావుంటుందా అని ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టడం అలవాటైపోయింది.

ఆవిడ బాగా పొట్టి. పెళ్ళయ్యాక ఏడు అద్దె వాటాలు మారారు. ఏడింట్లోనూ వంటింటి అరలు అందక పీట వేసుకుని ఎక్కడమే. ఓసారి పీట జారి పడితే మణికట్టు విరిగి నెల్లాళ్ళు కట్టుతో ఉంది. ఆ నెల్లాళ్ళూ ఇళ్ళు చూడ్డానికి వెళ్ళడం మాత్రం మానలేదండోయ్, ఆయన మాననివ్వలేదు. చెయ్యి విరిగినా వచ్చిందంటే ఇల్లెంత నచ్చిందో అనుకుంటారు పార్టీలు, అన్నాడు. మనకో సొంతిల్లు ఎప్పుడండీ అని అడిగినప్పుడల్లా, ఊళ్ళో ఇళ్ళన్నీ మన చేతిలోనే ఉన్నాయి కదే, మంచిది తగలనీ, అనేవాడు. మంచిది తగిలిన ప్రతిసారీ దాంతో పాటే ఒక పార్టీ కూడా తగిలేది.

అలా ఉండగా నర్సమ్మ ఇల్లు అమ్మకానికొచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ తాళాలు ఈయన చేతిలో పెట్టింది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక నాలుగు బట్టలు ఆరేసుకునేంత జాగా. నర్సమ్మ కూడా పొట్టి మనిషే. దగ్గరుండి కట్టించుకుంది కాబట్టి అరలు, గూళ్ళు, కిటికీ గడియలు, అన్నీ తన చేతికందే ఎత్తులోనే పెట్టించుకుంది. వేరేవాళ్ళయితే నడుం వంచి వండుకోవాల్సిందే.

ఆ రోజు అన్నం తింటూ ఆయనే ఎత్తాడు ఆ మాట. నీకోసమే కట్టినట్టుందే అన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఎన్ని విందో పాపం.

“ఇది అమ్మేది కాదు, మనం కొనేది. లోను సంగతి కూడా కనుక్కున్నాను. ఆదివారం పొద్దున్న వచ్చి చూసుకో. మాటిస్తున్నాను” అన్నాడు.

ఉన్నమాట చెప్పాలి, అన్నప్పుడు నిజంగానే అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆవిడ నేల మీద నడిస్తే ఒట్టు. డబ్బాలన్నీ దించి తోమింది, ఏ డబ్బా ఏ అరలోకో మనసులోనే సర్దుకుంది. కింద వాటాలో మిషన్ కుట్టుకునే టైలరమ్మకి కూడా చెప్పేసింది.

ఆదివారం పొద్దున్న, నేను ముందెళ్ళి కిటికీలు తెరుస్తాను, నువ్వు బస్సులో రా అన్నాడు. సరేననుకుంది. తీరా వెళ్ళేసరికి గదుల్లో పెద్ద బల్బులు వెలుగుతున్నాయి. “నాక్కూడా బల్బులేనా?” అని నవ్వేసింది. ఆయనా నవ్వాడు గానీ గడియారం చూసుకుంటూ నవ్వాడు.

ఎందుకంటే అదే టైముకి ఇంకో పార్టీని కూడా రమ్మన్నాడు మరి! ఏం మనిషండీ! సొంత పెళ్ళానికి సొంతిల్లు చూపించడానికి కూడా ఇంకో పార్టీ కావాల్సొచ్చింది. ఒక ఇంటికి ఒక్కళ్ళే రావడమన్నది ఆయన బుర్రకి అందని సంగతి. ఎవరైనా పోటీకొస్తే ఇంటి విలువ ఈవిడకీ తెలిసొస్తుంది, వాళ్ళు చూసి పోతారు, ఇల్లెక్కడికి పోతుంది అనుకున్నాట్ట. తర్వాత ఆయనే చెప్పాడు నాకు, అదేదో తెలివైన పని అయినట్టు.

వచ్చినవాళ్ళు భార్యాభర్తలు. ఇద్దరూ బ్యాంకులో పని చేస్తారు, ఇద్దరూ ఆజానుబాహులు. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్ళే. వాళ్ళు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఈవిడ పై అర మీద అరచెయ్యి ఆన్చి నిలబడి ఉంది. మడమలు నేలకే ఆని ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళు. ఇరవై రెండేళ్ళు మొహం పెట్టింది గానీ ఈ మొహం ఎప్పుడూ పెట్టలేదు, ఇది పెట్టింది కాదు. బ్యాంకాయన ఆ మొహం చూశాడు, భార్య వైపు చూశాడు, గబగబా బ్రోకర్ని హాల్లోకి తీసుకెళ్ళాడు. అడ్వాన్సు ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు. చెక్కుబుక్కు బయటికి తీశాడు.

ఆయన ఆ చెక్కుబుక్కు వైపు చూశాడు. ఈవిడ నా భార్యండీ, ఈ ఇల్లు మేమే తీసుకుంటున్నాం అన్న మాట గొంతు దాకా వచ్చింది కూడా. వచ్చి, అక్కడే చచ్చింది. చేతికందిన బేరాన్ని వదులుకోవడమన్నది ఆ మనిషి ఒంట్లోనే లేదు.

“మేడం గారు ఇంకా ఆలోచనలోనే ఉన్నారు. ముందు ఎవరు ఖాయం చేసుకుంటే వాళ్ళదే” అన్నాడు, వంటింట్లోకి వినపడేలా.

విందావిడ. ఆ గొంతు ఏ గొంతో, ఎప్పుడు వాడతాడో ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కళ్ళు తుడుచుకుని హాల్లోకొచ్చింది. బ్యాంకాయన భార్య మంచిదే, ఇబ్బందిగా అటూ ఇటూ చూసి ఈవిడ చెయ్యి పట్టుకుంది.

“మాకంటే ముందొచ్చారు కదా మీరు. మీకు కావాలంటే చెప్పండమ్మా, మేం తప్పుకుంటాం.”

ఇంకేం కావాలి? ఆయన నోరు తెరవక్కర్లేదు, తలూపితే చాలు. ఆవిడ ఆయన వైపే చూసింది. ఆయన కిటికీ గడియ తీస్తూ వేస్తూ, అది సరిగ్గా పడుతోందో లేదో చూస్తున్నాడు.

“మా ఆయనకి ఇష్టం లేదండీ” అంది.

“అయ్యో, ఒక్కసారి తీసుకొచ్చి చూపించకపోయారా?”

“చూశారండీ” అంది ఆవిడ.

చెక్కు మీద సంతకం అయిపోయింది. ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఉండగానే బ్యాంకాయన భార్య వంటింట్లోంచి మొగుణ్ణి కేకేసి, ఈ అరలన్నీ పగలగొట్టించి పైకి కట్టించాలి, లేకపోతే నా నడుం విరుగుతుంది అని చెప్తోంది. ఆవిడ వింటూనే బయటికొచ్చి బస్‌స్టాపుకి నడిచింది.

ఇంటికొచ్చేసరికి స్కూటర్ మీద ఆయన ముందే వచ్చి ఉన్నాడు, మహా హుషారుగా. “ఇన్నేళ్ళలో ఇవాళ చేసినంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు. ఆ కళ్ళనీళ్ళు చూశావూ, అదిరిపోయింది” అన్నాడు. ఇళ్ళకేం కరువు, ఇంకోటి చూద్దాంలే అని కూడా అన్నాడు. ఆవిడ కంచం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. నేనైతే ఆ కంచం నెత్తిన బోర్లించేదాన్ని.

తర్వాతి బేరానికి రమ్మంటే మాత్రం, నేను రాను అంది. అలకలే, నాలుగు రోజులుంటుంది అనుకున్నాడు. నెల గడిచినా ఆవిడ గుమ్మం దాటలేదు. పని ఆగిపోతుందని టైలరమ్మని కుదుర్చుకున్నాడు. ఆ తల్లి కూడా అద్దె వాటాలో బతుకీడుస్తున్న మనిషే, కాస్త ఆసరా అవుతుందని ఒప్పుకుంది. కానీ ఇల్లు చూడ్డం ఆవిడకెక్కడొస్తుంది? గుడ్డ కొలతలు తీసినట్టు ఇటునుంచి అటు చూసి, బావుందండీ అని గుమ్మంలో నిలబడిపోయేది. వరసగా రెండు పార్టీలు జారిపోయాయి.

ఓ సాయంత్రం ఆయన విసుక్కుంటూ వచ్చి భార్య ముందు కూర్చున్నాడు. ఆ టైలరమ్మ మొహంలో కోరిక ఏదీ అన్నాడు. అదెలా వస్తుందో కాస్త నేర్పి పెట్టవే, నీకు పుణ్యం ఉంటుంది అని బతిమాలాడు. ఆవిడ మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది.

“నేర్పేదేం లేదు. ఒక ఇంటి సంగతి చెప్పి, అది నీదేనని ముందు మాటివ్వండి. నాలుగు రోజులు ఆగి తీసుకెళ్ళండి. అదే వస్తుంది” అంది.

ఆయన గుండెలో కత్తిలా దిగాలనే ఆవిడ అన్న మాట అది. ఆయన ఆవిడ పక్కన పెట్టిన దుప్పటి తీసి, తనే నెమ్మదిగా మడతపెట్టాడు. ఇప్పటికైనా తగిలింది, ఇప్పటికైనా తల దించుకుంటాడు అనుకుంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే ఆయన కిందికి దిగి, టైలరమ్మ మిషన్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, “మీకు సొంతిల్లు లేదు కదమ్మా?” అన్నాడు.